టైరు ప్రెషర్ లైటు: మీ కారులో ఉన్నది ఏ రకం, దాన్ని ఎంతవరకు నమ్మాలి

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారం, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు లైటు వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. గుర్తు దాదాపు అన్ని కార్లలోనూ ఒకటే. దాన్ని వెలిగించే పద్ధతులు మాత్రం రెండు. ఒకటి టైరులోని గాలిని నేరుగా కొలుస్తుంది. రెండోది గాలి జోలికే పోదు, చక్రం తిరిగే తీరు చూసి గాలి తగ్గి ఉంటుందని లెక్క కడుతుంది. రెంటినీ కలిపి టీపీఎంఎస్ (టైర్ ప్రెషర్ మానిటరింగ్ సిస్టమ్) అనే అంటారు. కొనేటప్పుడు షోరూములో ఈ తేడా అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ తక్కువే. కానీ రీసెట్ ఎప్పుడు నొక్కాలి, పంక్చర్ షాపులో ఏం హెచ్చరించాలి, లైటు వెలగకపోతే నిశ్చింతగా ఉండొచ్చా అనేవన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

ఏ రకమైనా అది చేసే పని పోల్చడమే. ముందుగా పెట్టుకున్న ఒక అంకెతోనో కొలతతోనో ఇప్పటి స్థితిని పోల్చి, తేడా ఒక హద్దు దాటితే లైటు వేస్తుంది. ఆ హద్దు మనం అనుకునేదానికంటే చాలా కింద ఉంటుంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్ల ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ (రోడ్డును తాకే పైపొర) ఊడి ప్రమాదాలు జరిగాక 2000లో ‘ట్రెడ్’ అనే పేరుతోనే ఒక చట్టం వచ్చింది. దాని కింద 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారులోనూ ఈ వ్యవస్థ తప్పనిసరి అయింది. కంపెనీ చెప్పిన ప్రెషర్ కంటే 25 శాతం తగ్గితే లైటు వెలగాలన్నది అక్కడి నిబంధన. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి, అక్కడ హద్దు 20 శాతం. ఈ లెక్కన 33 పీఎస్ఐ ఉండాల్సిన టైరు 26కో, 25కో దిగేదాకా లైటు ఊరుకోవచ్చు. 28 పీఎస్ఐతో తిరుగుతున్న కారుకు మైలేజీ తగ్గుతుంది, టైరు అంచులు అరిగిపోతాయి, అయినా డ్యాష్‌బోర్డు శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకే నెలకోసారి గేజితో చూసుకోవడం తప్పదు.

మన దేశంలో ఇది ఉన్న కార్లకు 2020లో నిబంధనలు సవరించారు. మూడున్నర టన్నుల లోపు బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వాల్సిన పనిలేదు. కొత్త కారు డిక్కీలో స్టెప్నీ బదులు చిన్న కంప్రెసర్, సీలెంట్ డబ్బా కనిపిస్తే కారణం అదే.

మీ కారులో ఏది ఉంది?

స్క్రీన్ మీద నాలుగు టైర్లకు నాలుగు అంకెలు విడివిడిగా కనిపిస్తే అది నేరుగా కొలిచే రకం. అంకెలు లేకుండా సెట్టింగ్స్‌లో ‘సెట్’, ‘రీసెట్’, ‘క్యాలిబ్రేట్’ లాంటి మీట ఉంటే చాలావరకు లెక్కగట్టే రకం. చాలావరకు అనడానికి కారణం ఉంది: నేరుగా కొలుస్తూనే అంకెలు చూపకుండా లైటు మాత్రమే వేసే కార్లు కూడా ఉన్నాయి. బ్రోషర్లలోని మాటలు చూసినా తెలుస్తుంది. హ్యుందాయ్ వాళ్లు ‘హైలైన్’ అని రాస్తే ఒక్కో టైరు ప్రెషర్ విడిగా చూపిస్తుందని అర్థం. టాటా నెక్సాన్ లాంటి వాటిలో కనిపించే ‘ఐటీపీఎంఎస్’, ఫోక్స్‌వ్యాగన్ టైగున్, వర్టస్‌లలో రాసే ‘డిఫ్లేషన్ వార్నింగ్’ లెక్కగట్టే రకానివి. వేరియంటును బట్టి మారుతుంటాయి కాబట్టి చివరి మాట మాన్యువల్‌దే.

వాల్వు చూసి నిర్ణయించకండి. అల్యూమినియం వాల్వు, దాని మొదట్లో నట్టు కనిపిస్తే లోపల సెన్సర్ ఉండే అవకాశం ఎక్కువే. కానీ రబ్బరు వాల్వుకే సెన్సర్ బిగించిన కార్లూ ఉన్నాయి. రబ్బరే కదా అని టైరు విప్పేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే సెన్సర్ విరిగేది అక్కడే.

నేరుగా కొలిచే రకం

వాల్వు లోపలి కొసకు అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది, బరువు సుమారు 30 గ్రాములు. అందులో ప్రెషర్ చిప్, ఉష్ణోగ్రత కొలిచే భాగం, చక్రం కదులుతోందో లేదో పసిగట్టే యాక్సిలరోమీటర్, చిన్న రేడియో, 3 వోల్టుల లిథియం బిళ్ల బ్యాటరీ ఉంటాయి. కారు ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా కోసం ఇది నిద్రపోతుంది. కదిలాక మేల్కొని దాదాపు నిమిషానికోసారి తన సొంత నంబరుతో పాటు కొలతలు పంపుతుంది. గాలి ఉన్నట్టుండి పడిపోతుంటే నిమిషం ఆగకుండా వెంటనే చెబుతుంది. మన దగ్గర, యూరప్‌లో ఇది వాడే తరంగం 433 మెగాహెర్ట్జ్, అమెరికాలో ఎక్కువగా 315. అమెరికా నుంచి ఎవరైనా చవగ్గా సెన్సర్ తెస్తానంటే ముందు ఈ అంకె చూడండి. తరంగం కలవకపోతే అది మీ కారుతో ఎన్నటికీ మాట్లాడదు.

గాలి నింపిన వెంటనే స్క్రీన్ మీద పాత అంకే ఉండటానికి కారణం ఈ నిద్రే. కొన్ని నిమిషాలు నడిపితే మారుతుంది. బంకు దగ్గరే నిలబడి అంకె మారలేదని మళ్లీ గాలి కొట్టించుకోవద్దు.

బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. సెన్సర్‌ను రెసిన్‌తో మూసేస్తారు కాబట్టి బ్యాటరీ విడిగా మార్చడానికి ఉండదు, మొత్తం సెన్సరే మార్చాలి. చలిలో బ్యాటరీ వోల్టేజీ తగ్గుతుంది. అందుకే ఆయువు తీరుతున్న సెన్సర్ మొదట చలికాలం తెల్లవారుజామున మొరాయించి, ఎండెక్కాక మామూలుగా పనిచేస్తుంది. అలా రెండు మూడుసార్లు జరిగితే మార్చే సమయం దగ్గరపడినట్టే. నాలుగూ ఒకేసారి బిగించినవి కనుక ఒకటి పోయాక మిగతావి ఎంతో కాలం రావు. కొత్త టైర్లు వేయించే సమయానికి సెన్సర్లకు ఏడెనిమిదేళ్లు నిండి ఉంటే అప్పుడే నాలుగూ మార్చేయడం లాభం, టైరు విప్పే కూలి రెండోసారి పడదు.

కొత్త సెన్సర్ నంబరు కారుకు తెలియాలి. కొన్ని కార్లు కాసేపు నడిపితే వాటంతట అవే నేర్చుకుంటాయి. కొన్నింటికి ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటరును పరీక్షించే సాకెట్‌కు) పెట్టే స్కానర్, సెన్సర్‌ను 125 కిలోహెర్ట్జ్ తరంగంతో తట్టిలేపే చేతి పరికరం కావాలి. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చినప్పుడు కూడా ఇదే సంగతి. తనంతట నేర్చుకోని కారులో ముందు కుడి టైరుకు పంక్చరైతే స్క్రీన్ వెనక కుడి టైరును చూపించవచ్చు.

చక్రం తిరిగే తీరు చూసే రకం

ఇందులో టైరు లోపల ఏమీ ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే వ్యవస్థ) కోసం ప్రతి చక్రం దగ్గరా ఎలాగూ ఉండే వేగం సెన్సర్లే దీనికి ఆధారం. గాలి తగ్గిన టైరు కొద్దిగా కూరుకుపోతుంది, వ్యాసార్ధం తగ్గుతుంది, అంత దూరానికీ మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. వినడానికి తేలికే. కానీ రేడియల్ టైరు లోపలి ఉక్కు బెల్టు ఆ తేడాను చాలా చిన్నది చేసేస్తుంది. 205/65 ఆర్16 కొలత టైరు కిలోమీటరుకు సుమారు 480 చుట్లు తిరుగుతుంది. వ్యాసార్ధంలో అర శాతం తేడా వస్తే కిలోమీటరుకు రెండున్నర చుట్లు అదనం, అంతే. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే కొంత దూరం తిన్నగా నడవాలి. మలుపులో బయటి చక్రాలు ఎలాగూ ఎక్కువ తిరుగుతాయి కాబట్టి ఘాట్ రోడ్డులో దీని తీర్పు ఆలస్యమవుతుంది.

పాత తరం వ్యవస్థలు ఒక టైరును మిగతావాటితో పోల్చి చూసేవి. నాలుగింటిలోనూ సమానంగా గాలి దిగితే వాటికి తేడా కనిపించదు. నెలల తరబడి గాలి పట్టించని కారులో జరిగేది సరిగ్గా ఇదే. టైరు రబ్బరు గుండా గాలి నెలకు ఒకటి రెండు పీఎస్ఐ దానంతటదే పోతుంది, నాలుగింటిలోనూ పోతుంది. కొత్త తరం దీన్ని కొంత సరిదిద్దింది. చక్రం తిరుగుతున్నప్పుడు వచ్చే సూక్ష్మ కంపనాల పౌనఃపున్యం గాలి తగ్గితే మారుతుంది, దాన్నీ చదువుతుంది. అయినా ఇది చెప్పేది తగ్గిందని మాత్రమే, ఎంత ఉందో ఎప్పటికీ చెప్పదు.

ఈ రకాన్ని అన్నిటికంటే తికమక పెట్టేది టైరు అరుగుదల. మూడు టైర్లకు ట్రెడ్ 3 మిల్లీమీటర్లకు దిగి, నాలుగోది 8 మిల్లీమీటర్ల కొత్తది వేశారనుకుందాం. వ్యాసార్ధంలో 5 మిల్లీమీటర్ల తేడా, అంటే దాదాపు ఒకటిన్నర శాతం. గాలి తగ్గినందువల్ల వచ్చే తేడా కంటే ఇదే పెద్దది. ఒక్క టైరు మార్చి రీసెట్ చేయకపోతే అరిగిన టైర్లలో గాలి తగ్గిందని లైటు వెలగడంలో తప్పేం లేదు.

రీసెట్ మీట

లెక్కగట్టే రకంలో ఈ మీటే ప్రాణం. నొక్కిన క్షణంలో టైర్లలో ఎంత గాలి ఉంటే అదే సరైనదని కారు రాసుకుంటుంది. 26 పీఎస్ఐ ఉన్నప్పుడు లైటు వెలిగిందని చిరాకుపడి రీసెట్ నొక్కితే లైటు పోతుంది. ఆ రోజు నుంచి 26నే మంచి ప్రెషర్‌గా లెక్కపెట్టి, దానికీ మరో 20 శాతం దిగేదాకా, అంటే 21 దగ్గరికి వచ్చేదాకా నోరు విప్పదు. లైటు పోగొట్టడం కోసం దీన్ని నొక్కడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి.

1. కారు కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉండాలి, లేదా నడిచింది 2 కిలోమీటర్ల లోపు అయ్యుండాలి.
2. డ్రైవర్ తలుపు తెరిస్తే బాడీ మీద కనిపించే స్టిక్కరులో ఉన్న ప్రెషర్ నింపాలి. మనుషులు, సామాను నిండుగా ఉంటే ఎంతో పక్కనే వేరుగా ఉంటుంది. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అది నింపకూడదు. స్టిక్కరులో కిలోపాస్కల్ ఉంటే 230 అంటే 33 పీఎస్ఐ పైచిలుకు, 2.3 బార్ కూడా అంతే.
3. బంకు మీటరు చెప్పిందని వదలకుండా సొంత గేజితో నాలుగూ చూడాలి.
4. ఆ తర్వాతే ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు ఆపి ఉంచి, మాన్యువల్ చెప్పినంతసేపు మీట నొక్కాలి.
5. వేర్వేరు వేగాల్లో కొంతసేపు నడపాలి. నేర్చుకోవడం పూర్తయ్యేదాకా దాన్ని నమ్మకూడదు.

గాలి సరిచేసినా, టైర్ల చోటు మార్చినా, ఒక్క టైరు మార్చినా ఇదంతా మళ్లీ చేయాల్సిందే. నేరుగా కొలిచే రకంలో సాధారణంగా ఈ బాధ లేదు, గాలి నింపి కాసేపు నడిపితే లైటు దానంతటదే ఆరిపోతుంది.

ఎండ, చలి, ఎత్తు

టైరులోని గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ప్రెషర్ సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ నింపిన టైరే 8 డిగ్రీలున్న లంబసింగి తెల్లవారుజామున చూస్తే 28 దగ్గర ఉంటుంది. చుక్క గాలి కూడా పోలేదు. కానీ అంతకుముందే రెండు మూడు పీఎస్ఐ తగ్గి ఉన్న టైరైతే లైటు వెలుగుతుంది, కిందికి దిగాక ఆరిపోతుంది. దాన్ని సెన్సర్ తప్పనుకోకండి, గాలి కొంత తక్కువగా ఉందని చెప్పడమే అది. వేసవి మధ్యాహ్నం నింపి డిసెంబరులో పట్టించుకోకపోతే ఇదే జరుగుతుంది, ఊరు మారనక్కర్లేదు.

దీనికి వ్యతిరేకం కూడా చేస్తుంటారు. హైవే మీద గంటసేపు నడిచాక స్క్రీన్ మీద 38 కనిపిస్తే కంగారుపడి గాలి తీసేస్తారు. వేడి మీద నాలుగైదు పీఎస్ఐ పెరగడం మామూలే, కంపెనీ చల్లటి ప్రెషర్ చెప్పేటప్పుడే ఆ పెరుగుదల లెక్కలో పెట్టుకుంటుంది. తీస్తే మర్నాడు పొద్దున 28 చూస్తారు. నైట్రోజన్ నింపినా ఈ పెరుగుదల దాదాపు ఇంతే. డబ్బు తీసుకుని నింపేవాళ్లు వేరేలా చెప్పినా వాయువుల సూత్రం మారదు.

ఇంకో చిన్న మెలిక. చాలా సెన్సర్లు కొలిచేది సంపూర్ణ పీడనం (టైరు ప్రెషర్, బయటి వాతావరణ పీడనం కలిపి), అందులోంచి సముద్రమట్టపు వాతావరణ పీడనాన్ని తీసేసి అంకె చూపుతాయి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో చేతి గేజి ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ ఎక్కువ చూపి స్క్రీన్ చూపకపోతే రెండూ సరిగానే పనిచేస్తున్నట్టు.

లైటు వెలిగితే

వెలిగి అలాగే నిలిస్తే గాలి తక్కువ. ఇంజిన్ ఆన్ చేయగానే నిమిషం, నిమిషంన్నర మినుకుమినుకుమని ఆ తర్వాత నిలిస్తే లోపం వ్యవస్థలో ఉంది, గాలిలో కాదు. స్టెప్నీ వేసినప్పుడు ఇలా జరగడం సహజం, చాలా కార్లలో స్టెప్నీకి సెన్సర్ ఉండదు.

ప్రయాణంలో వెలిగితే గట్టిగా బ్రేకు వేయకుండా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకుండా వేగం తగ్గించి సురక్షితమైన చోట ఆపండి. అంకెలు కనిపించే కారులో నిమిషాల్లో రెండు మూడు పీఎస్ఐ పడిపోతుంటే బంకు దాకా వెళ్దామనుకోకండి. 20 పీఎస్ఐ కంటే తక్కువలో నడిపితే పక్కగోడ నలిగి, పది నిమిషాల్లో వేసే పంక్చరు కాస్తా కొత్త టైరు ఖర్చు అవుతుంది. నెమ్మదిగా దిగుతుంటే 12 వోల్టుల ఇన్‌ఫ్లేటరుతో నింపి దగ్గరి షాపుకు వెళ్లొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా వాడండి, అది పది ఆంపియర్ల దాకా లాగుతుంది.

పంక్చర్ షాపులో చెప్పాల్సినవి

టైరు రిమ్ము నుంచి విప్పాల్సి వస్తే ముందే సెన్సర్ ఉందని చెప్పండి. యంత్రం చేయి టైరు అంచును నొక్కి విడదీసేటప్పుడు వాల్వుకు ఎదురు వైపు నుంచి మొదలుపెట్టాలి. వాల్వు దగ్గరే నొక్కితే సెన్సర్ పెట్టె పగులుతుంది. గోడకో నేలకో ఆనించి ఇనప కడ్డీలతో విప్పే చోట సెన్సర్ ఉన్న చక్రం ఇవ్వకపోవడమే మంచిది. పక్కగోడ బాగుండి మేకు ట్రెడ్‌లో దిగితే బయటి నుంచి స్ట్రిప్ వేయించొచ్చు, విప్పే పనే ఉండదు.

సీలెంట్ జెల్ ఇంకో తలనొప్పి. పంక్చరు పడదని చెప్పి వాల్వులోంచి పోస్తారు. అది సెన్సర్ మీది సన్నని రంధ్రాన్ని మూసేస్తే అంకె ఒకచోటే నిలిచిపోతుంది లేదా తప్పు చూపుతుంది. సెన్సర్లకు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నది మాత్రమే వాడండి. అత్యవసరంలో ఏదో ఒకటి పోయాల్సి వస్తే తర్వాత టైరు విప్పించి తడిగుడ్డతో శుభ్రం చేయించండి, సన్నటి తీగతో రంధ్రం పొడవొద్దు.

వాల్వు పిన్ను విషయం చాలామందికి తెలియదు. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను గానీ ఇత్తడి మూత గానీ వేస్తే తేమ చేరినప్పుడు రెండు లోహాల మధ్య చర్య జరిగి అల్యూమినియం తినేసుకుపోయి రెండూ పట్టేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ మూత పట్టకారతో తిప్పితే వాల్వే విరిగి వస్తుంది, సెన్సరూ పోయినట్టే. నికెల్ పూత ఉన్న పిన్ను, ప్లాస్టిక్ మూత అడగండి. కొత్త టైరు వేయించినప్పుడు వాల్వు రబ్బరు వాషరు, నట్టు, పిన్ను, మూత కలిసి వచ్చే చిన్న కిట్ మార్పించాలి, పాత రబ్బరుతో బిగిస్తే అక్కడి నుంచే గాలి సన్నగా కారుతుంది. నట్టును టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి, బలం చూపిస్తే వాల్వు చిట్లుతుంది.

బయట కొని బిగించేవి

కారులో లేనివాళ్లు కొనేవి రెండు రకాలు: టైరు లోపల బిగించేవి, వాల్వు మూత బదులు తిప్పి పెట్టేవి. రెండూ నేరుగా కొలిచేవే. లోపలివి దొంగల చేతికి అందవు, ఎండా వానా తగలవు, కానీ టైరు విప్పాలి, బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించాలి. మూత రకాన్ని మీరే పావుగంటలో పెట్టుకోవచ్చు. వాటిలో సీఆర్1632 లాంటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది, మార్చుకోవచ్చు.

మూత రకంలో అసలు ఇబ్బంది బరువు. ఒక్కోటి 10 గ్రాములే. కానీ 100 కిలోమీటర్ల వేగంలో 16 అంగుళాల చక్రం తిరుగుతుంటే ఆ 10 గ్రాములు వాల్వును దాదాపు కిలోన్నర బలంతో బయటికి లాగుతాయి. పాతబడిన రబ్బరు వాల్వు వంగి వంగి మొదట్లో చీలుతుంది. ముందు పొట్టి లోహపు వాల్వులు వేయించి ఆ తర్వాతే ఇవి పెట్టండి. బ్యాలెన్సింగ్ కూడా సెన్సర్లు పెట్టి ఉంచే చేయించాలి.

ఈ మూత లోపలి మొన వాల్వు పిన్నును నొక్కి తెరిచే ఉంచుతుంది. అంటే గాలిని ఆపేది ఇక పిన్ను కాదు, మూతలోని రబ్బరు. బిగించాక సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పెట్టిన మర్నాడు పొద్దున ప్రెషర్ తగ్గి ఉంటే ముందు అనుమానించాల్సింది ఈ రబ్బరునే. గాలి నింపిన ప్రతిసారీ సెన్సర్ తీసి మళ్లీ బిగించాలి కాబట్టి రబ్బరు అరుగుతూ ఉంటుంది.

ఒక్కో సెన్సర్ మీద ఏ చక్రానిదో రాసి ఉంటుంది, ఆ చోటే పెట్టండి. డిస్‌ప్లేలో కింది హద్దు కంపెనీ చెప్పిన ప్రెషర్‌కు 15 శాతం తక్కువ, పై హద్దు 25 శాతం ఎక్కువ, ఉష్ణోగ్రత 70 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. 33 అయితే 28, 41. పై హద్దు 36 పెడితే వేసవిలో ప్రతి ప్రయాణంలోనూ మోగుతుంది, నాలుగు రోజులకు మీరే సౌండు ఆపేస్తారు.

ఒక చక్రం అంకె అప్పుడప్పుడు మాయమవుతుంటే బ్యాటరీ మార్చే ముందు చార్జింగ్ సాకెట్‌లోని యూఎస్‌బీ చార్జరు, డ్యాష్‌క్యామ్, తర్వాత వేయించిన ఎల్ఈడీ లైట్లు ఒక్కొక్కటిగా తీసి నడిపి చూడండి. నాసిరకం చార్జర్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర గోల చేసి సంకేతాన్ని మింగేస్తాయి. కంపెనీ బిగించిన వ్యవస్థలోనూ ఇదే జరుగుతుంది. సర్వీస్ సెంటరులో కొత్త సెన్సర్ అంచనా రాయించుకునే ముందు ఈ పరీక్ష చేసి వెళ్లండి.